రెండో బ్రేకు

మాస్టారికి లోకంలో రెండు విషయాలంటే గిట్టదు. ఒకటి, సిగ్నలు వేయకుండా మలుపు తిరిగేవాళ్లు. రెండోది పరీక్ష. మొదటిదానికి హారను కొట్టి ఊరుకుంటారు. రెండోదాని మాట ఎవరైనా ఎత్తారంటే మాత్రం, వాళ్ల చేతిలోని టీ చల్లారి మీగడ కట్టేదాకా వదలరు.

ఆయనది డ్రైవింగు స్కూలు. స్కూలంటే పెద్ద భవనమేమీ ఊహించుకోకండి. ఇంటి ముందు గది, అందులో ఒక బల్ల, గోడకి రోడ్డు గుర్తుల పటం, వాకిట్లో ఒక కారు, అంతే. అయితే ఆ కారుకి అన్ని కార్లకీ లేనిది ఒకటుంది. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే, పక్క సీట్లో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కొత్తవాళ్లు ఎటో చూస్తూ ఎవరినో గుద్దబోతే, మాస్టారు దాన్ని తొక్కి ఇద్దరి ప్రాణాలూ కాపాడాలన్నమాట. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆ సీట్లోనే కూర్చున్నారు. ఇంట్లో సోఫాకి కూడా అంత భాగ్యం దక్కలేదని ఆయన భార్య అంటుంది.

ఇక పరీక్ష మీద ఆయన కోపానికి కారణం లేకపోలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది లైసెన్సు పరీక్షలో తప్పేవాళ్లు.

"ముప్పై రోజులు నా పక్కన కుండలో నీళ్లు తొణక్కుండా నడిపినవాళ్లు, ఆ పది నిమిషాల్లో ఫెయిలయి వస్తున్నారంటే తప్పెవరిది? పరీక్షది కాదూ?" అనేవారు టీ కొట్టు బల్ల మీద గుద్ది. "వంట ఎలా ఉంటుందో ఇంట్లో రోజూ తినేవాణ్ణి అడగాలి. పెళ్లిలో ఒక్క పూట తిని చెయ్యి కడుక్కుపోయేవాణ్ణి అడుగుతారా ఎవరైనా?"

బల్లకి అవతలి వైపు కూర్చుని ఇదంతా వినేది మరెవరో కాదు, ఆ పరీక్ష పెట్టే అధికారే. మార్కుల విషయంలో ఆయన చేతికి ఎముక ఉందని రుజువైంది కాబట్టి అందరూ ఆయన్ని సున్నాల సారు అని పిలుస్తారు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు, ఒకే బెంచీ మీద కొట్టుకున్నారు, ఇప్పటికీ ఒకే కొట్లో టీ తాగుతారు.

"రోజూ తినేవాడికి నాలిక అలవాటు పడిపోతుందయ్యా," అనేవారు సున్నాల సారు నింపాదిగా. "ఉప్పు వెయ్యకపోయినా బాగుందంటాడు."

సున్నాల సారు పరీక్ష చేసే తీరు చూస్తే మాస్టారికి ఒళ్లు మండేది. పరీక్షకి తెచ్చిన స్కూలు కార్లో పక్క సీటెక్కగానే ఆయన చెప్పులు విడిచి, కాళ్లు రెండూ సీటు మీదకి లాక్కుని, బాసింపట్టు వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చుంటారు. "పరీక్ష చెయ్యడానికి కూర్చున్నాడా, వడ్డిస్తారని కూర్చున్నాడా?" అని మాస్టారు ఊరంతా చెప్పి నవ్వించారు.

నవ్వించి ఊరుకుంటే ఆయన మాస్టారు ఎందుకవుతారు? పరీక్ష తప్పిన తన శిష్యుల కాగితాలన్నీ పోగేసి ఒక అట్ట ఫైలు కట్టారు. మొత్తం నలభై ఒక్క కాగితాలు. అందులో ముప్పై మూడింటి మీద కారణం దగ్గర ఒకటే మాట ఉంది: ఆపు గీత దాటింది. "చూశారా? మనిషిని చూడకుండా, కళ్లు మూసుకుని ఒకటే మాట రాసేస్తున్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?" అని ఆ ఫైలు పట్టుకుని నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి పైవాళ్లు విసిగిపోయి ఒక కొత్త పద్ధతి పెట్టారు. స్కూల్లో ముప్పై పాఠాలకి రోజుకి పది మార్కుల చొప్పున పుస్తకంలో వెయ్యాలి. మూడు వందలకి రెండు వందల నలభై దాటితే పరీక్ష లేకుండానే లైసెన్సు. పుస్తకం ఇచ్చినవాళ్లకి పరీక్ష లేదు, పరీక్షకి వెళ్లినవాళ్ల పుస్తకం ఎవరూ చూడరు. ఏది కావాలో నేర్చుకునేవాళ్లే తేల్చుకోవాలి.

ఆ పద్ధతి కింద పుస్తకం తెరిచిన మొదటి శిష్యురాలు మాస్టారి భార్యే.

ఆవిణ్ణి అందరూ నర్సమ్మ అంటారు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చడం, సూదులు వెయ్యడం, వాళ్ల కబుర్లు వినడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లు బస్సుల్లోనూ, ఆసుపత్రి బండిలోనూ తిరిగింది. ఇప్పుడు ఆ బండి డ్రైవరు పదవీ విరమణ చేస్తున్నాడు, కొత్తవాణ్ణి పెట్టడం లేదు. చిన్న కార్లు ఇస్తాం, నర్సులే నడుపుకోవాలి అన్నారు. వచ్చే నెలాఖరుకి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు ఇళ్లకి వెళ్తారు. తెచ్చుకోనివాళ్లని కింది అంతస్తులో పాత ఫైళ్ల గదిలో కూర్చోబెడతారు.

ఫైళ్ల గది అనగానే నర్సమ్మకి ఊపిరాడలేదు. కొండ మీద ఇళ్లలో ఒక వడ్రంగి తాత ఉన్నాడు. కాలి మీద మానని పుండు. వేరే నర్సు వస్తే తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాడు. నర్సమ్మ వెళ్తే మాత్రం తిట్టుకుంటూనే కాలు చాపుతాడు. "నేను ఫైళ్లకి కట్లు కట్టుకుంటూ కూర్చుంటే ఆ ముసలాయన కాలు ఏమవ్వాలి?" అంది ఆవిడ. ఆ తర్వాత ఒక చిన్న సందేహం కూడా బయటపెట్టింది. "పరీక్ష ఉండదు కదా? ఖాయమే కదా?"

ఆవిడకి పరీక్షంటే చచ్చేంత భయం. నర్సు చదువు ఆఖరి పరీక్షలో ప్రశ్నాపత్రం చేతికిచ్చిన రెండో నిమిషంలో కళ్లు తిరిగి పడిపోయింది. వార్డులో మూడేళ్లు ఆవిడ పని చూసిన పెద్ద నర్సు పట్టుబట్టి, ఆ పని చూసే పాసు చేయించింది. ఆ కథ మాస్టారు తన వాదానికి మకుటంలా వాడుకునేవారు. "పరీక్షనే నమ్ముకుని ఉంటే ఇంత మంచి నర్సు ఈ ఊరికి దక్కేదా?" అంటే సున్నాల సారు ఇంకో టీ తెమ్మనేవారు.

"సొంత భార్యకి నువ్వే మార్కులేస్తావా?" అని మాత్రం ఆయన ఒకసారి అడిగారు.

"భార్య కాబట్టి ఇంకా గట్టిగా వేస్తా," అన్నారు మాస్టారు. నిజంగానే అన్నారు. ఆయన మనసులో కల్మషం లేదు.

పాఠాలు మొదలయ్యాయి. కారెక్కితే నువ్వు విద్యార్థినివి, నేను మాస్టార్ని, మొగుడూ పెళ్లాల మాటలు ఇక్కడ కుదరవు అని మొదటి రోజే షరతు పెట్టారు. "చిత్తం మాస్టారూ," అంది నర్సమ్మ. వెనక సీట్లో ఆవిడ తల్లి, అంటే మాస్టారి అత్తగారు, ఊలు ఉండ, సూదులు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడకి నేర్చుకునే ఉద్దేశం లేదు. రోజూ గంటసేపు ఊరికే షికారు దొరుకుతుంటే వదులుకోవడం ఎందుకని వచ్చారు. మఫ్లరు ఒకటి అల్లుతున్నారు.

నర్సమ్మ చేతిలో కారు చెప్పినట్టు విన్నది. కూడలి రాగానే నెమ్మదించేది, గీత దగ్గర బుద్ధిగా ఆగేది.

"మాస్టారూ, ఈ బ్రేకు ఎంత మెత్తగా ఉందండీ! కాలు ఆనిస్తే చాలు, వెన్నలోకి దిగినట్టు దిగిపోతోంది."

"బ్రేకుదేముంది? నేర్పేవాణ్ణి బట్టి ఉంటుంది," అన్నారు మాస్టారు మీసం సవరించుకుంటూ. పుస్తకంలో 'కూడలి దగ్గర ఆపుట: తొమ్మిది' అని గుండ్రటి అక్షరాల్లో రాశారు.

ఈ మార్కుల పిచ్చి ఇంట్లోకీ పాకింది. మాస్టారు గిన్నెలు తోమితే నర్సమ్మ వచ్చి అడుగు గోకి చూసి, "పదికి నాలుగు. మాడు వదల్లేదు," అనేది. ఆయన గురకకి అత్తగారు పదికి పది వేశారు. ఇల్లంతా సరదాగా ఉండేది. ఇరవై ఏడో పాఠం అయ్యేసరికి నర్సమ్మ పుస్తకంలో రెండు వందల యాభై ఒకటి చేరాయి. మిగిలిన మూడు రోజులూ సున్నాలు వచ్చినా ఢోకా లేదు. ఆవిడ కొండ దారి మలుపుల బొమ్మ గీసి వంటింటి గోడకి అంటించుకుంది.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్న మాస్టారు టైరు మారుస్తుంటే జాకీ జారి కుడికాలి బొటనవేలి మీద పడింది. ఆయన పెట్టిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. నర్సమ్మ కడిగి, మందు వేసి, కట్టు కట్టింది. ఇంట్లోవాళ్లకి కట్టే కట్టు కాబట్టి దూది ధారాళంగా వాడింది. పాదం కొబ్బరికాయంత అయింది. ఆ కాలు కింద ఆనించడానికి లేక, మాస్టారు దాన్ని ఎత్తి సీటు మీద పెట్టుకుని పాఠానికి కూర్చున్నారు.

మొదటి కూడలిలో కారు గీత దాటి నడిరోడ్డు దాకా వెళ్లి ఆగింది. రెండో కూడలిలో ముందున్న రొట్టెల వ్యానుకి జానెడు దూరంలో ఆగింది. లోపల రొట్టెలు సర్దుకుంటున్నవాడు వ్యానులోంచే దణ్ణం పెట్టాడు. మూడో కూడలిలో ఒక పెద్దమనిషి పేవుమెంటు మీదకి ఎగిరి గెంతాడు. ఆ వయసులో అంత ఎత్తు ఎగరగలనని ఆయనకే తెలిసి ఉండదు.

"పక్కకి తీసి ఆపు!" అన్నారు మాస్టారు చెమటలు కక్కుతూ. "ఏమైంది నీకివాళ? నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిపావు కదా! ఒంట్లో బాగాలేదా?"

"నాకేం తెలుసండీ! బ్రేకు ఇవాళ రాయిలా ఉంది. అసలు దిగడం లేదు. పాడయిందేమో చూడండి," అంది నర్సమ్మ.

వెనక సూదుల చప్పుడు ఆగింది.

"బ్రేక్కేం కాలేదు అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. "మీ కాలికే అయింది."

"అంటే?"

"అంటే ఏముంది? రోజూ కూడలి వస్తుందనగా మీ మోకాలు ఇలా ముందుకి వెళ్లేది. తర్వాత కారు ఆగేది. ఆ తర్వాత మా అమ్మాయి కాలు పెట్టేది. మీ మోకాలు కదిలినప్పుడల్లా నేనొక వరస అల్లుకున్నాను." ఆవిడ మఫ్లరు పైకెత్తి చూపించారు. రెండు చేతులూ చాచి ఎత్తినా దాని కొస ఇంకా సీటు కిందే ఉంది. "ఇదంతా మీ కాలు అల్లిందే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ!"

"నేర్పేవాళ్లు మీరు. అదే పద్ధతేమో అనుకున్నాను. నేనేమన్నా కారు నడిపిన దాన్నా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. మాస్టారు ఇరవై రెండేళ్లు ఆ పనే చేశారు. సొంత కాలి లెక్కే తప్పిందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

నర్సమ్మ ఇంజను ఆపింది. తాళాలు ఆయన ఒళ్లో పెట్టింది. దిగి, ఇంటి వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మాస్టారు కారు అక్కడే వదిలి ఇల్లు చేరేసరికి ఆవిడ వంటింట్లో, గోడ మీది కొండ దారి బొమ్మ ముందు కూర్చుని ఉంది. ఆయన కుంటుకుంటూ వెళ్లి పక్కన నిలబడ్డారు. "పుస్తకంలో మార్కులు మార్కులే. రెండు వందల యాభై ఒకటి. మిగతా రెండు పాఠాలూ కానిచ్చి ఇచ్చేస్తే లైసెన్సు వస్తుంది. తర్వాత నెమ్మదిగా నేర్చుకోవచ్చు," అన్నారు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనకే అనుమానం వేసింది.

"మార్కులు పోయాయని కాదండీ నా బాధ," అంది నర్సమ్మ. "నాకు వచ్చిందనుకున్నాను. ఈ వయసులో ఒక కొత్త పని, భయం లేకుండా, నాకై నాకు వచ్చిందనుకున్నాను."

మాస్టారు ముందు గదిలోకి వచ్చి బల్ల దగ్గర కూలబడ్డారు. చెయ్యి అలవాటుగా అట్ట ఫైలు మీదకి వెళ్లింది. తెరిచారు. ఆపు గీత దాటింది. ఆపు గీత దాటింది. ఆపు గీత దాటింది. నాలుగేళ్లు ఊరేగించిన కాగితాలే, కానీ ఆయన వాటిని చదవడం ఇదే మొదలు.

ఒక్కో కాగితం వెనక ఒక్కో మొహం కనిపించింది. కూరగాయల వ్యాను కొనుక్కోవాలని వచ్చిన ఒకావిడ నాలుగుసార్లు తప్పి మానేసింది. "నీ తప్పు కాదమ్మా, పరీక్షే తప్పు," అని ఆయనే ఓదార్చి పంపారు. ఆవిడ తప్పు కాదన్నది నిజమే. పరీక్ష తప్పూ కాదు. ఇక మిగిలింది ఎవరో లెక్క వెయ్యడానికి మాస్టారు కావలసిన పని లేదు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

పొద్దు వాలే వేళ ఆయన ఫైలు తీసుకెళ్లి నర్సమ్మ ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. కూరగాయలావిడ సంగతి చెప్పేటప్పుడు మాత్రం మొహం గోడకి తిప్పుకున్నారు.

నర్సమ్మ కాగితాలన్నీ తిరగేసింది. "అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట."

"కాదు. నీది ముప్పై నాలుగో కాగితం."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"పుస్తకం ఇవ్వను," అంది నవ్వు తగ్గాక. "పరీక్షకే వెళ్తాను."

"తప్పితే మళ్లీ నెల దాకా రానివ్వరు. నెలాఖరు దాటిపోతుంది. పైగా నీకు పరీక్షంటే..."

"తెలుసు. కళ్లు తిరుగుతాయి. కానీ కొండ దిగేటప్పుడు నా పక్క సీట్లో ఉండేది కట్ల పెట్టె. దానికి కాళ్లు లేవు." ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది. "పరీక్షకి ఇంకా పది రోజులుంది. రేపట్నుంచి మీరు వెనక కూర్చోండి."

మర్నాటి నుంచి సీట్లు మారాయి. ముందు సీట్లోకి అత్తగారు వచ్చారు. ఆ బ్రేకు మీద కాలు పెట్టకూడదని ఒకటికి పదిసార్లు చెప్పించుకున్నాక, ఎందుకొచ్చిన గొడవ అని ఆవిడ కాళ్లు రెండూ సీటు మీదకి లాక్కుని బాసింపట్టు వేసుకున్నారు. వెనకనుంచి ఆ భంగిమ చూసేసరికి మాస్టారికి తల మీద ఎవరో మొట్టినట్టయింది. సున్నాల సారు కాళ్లు అలా ఎందుకు పెట్టుకుంటారో ఇన్నేళ్లకి బోధపడింది.

వెనక కూర్చున్నా ఆయన కాలు ఊరుకుంటేనా! కూడలి కనిపించగానే కట్టు కట్టిన పాదం కింద చాపని తొక్కేది, వేలు భగ్గుమనేది, "అబ్బా!" అని అరిచేవారు. ఆ అరుపుకి నర్సమ్మ బ్రేకు వేసేది.

"అరవకండి. అది కూడా సాయమే," అంది ఆవిడ రెండో రోజు.

అప్పటినుంచి మాస్టారు రుమాలు నోట్లో కుక్కుకుని పాఠం చెప్పారు. చెప్పేదేముంది, చూడటమే. పుస్తకంలో కొత్త పేజీలు మొదలయ్యాయి. మొదటి రోజు రెండు. తర్వాత మూడు. మళ్లీ మూడు. 'ముందే చూసింది, ఆలస్యంగా తొక్కింది: నాలుగు.' ఆరో రోజు కొండ దారికి తీసుకెళ్లారు. ఎక్కుడు ఆరు, దిగుడు నాలుగు. ఆ దిగుడులో మాస్టారు రుమాలు కొరికేశారు. పదో రోజున దిగుడుకి తొమ్మిది వేశారు. ఆ తొమ్మిది రాసేటప్పుడు కలం చాలాసేపు ఆపి ఆలోచించారు. ఇది తన కాలిది కాదు అని నిర్ధారించుకున్నాకే రాశారు.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సు ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో సున్నం గీతలు, డ్రమ్ములు, ఒక ఉత్తుత్తి కూడలి. కంచె బయట మాస్టారు, అత్తగారు నిలబడ్డారు. నర్సమ్మ మొహం పిండి పూసినట్టుంది. సున్నాల సారు ఎక్కి, చెప్పులు విడిచి, కాళ్లు మడుచుకుని, అట్ట ఒళ్లో పెట్టుకున్నారు.

కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసింది. మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది. మాస్టారు కంచె తీగ పట్టుకున్నారు. కార్లో నర్సమ్మ తల స్టీరింగు మీదకి వాలినట్టు కనిపించింది. ఈ పది నిమిషాల్లో ఆ మనిషికేం తెలుస్తుంది, ఇరవై ఆరేళ్లుగా ఈవిడ ఎంతమందిని నిలబెట్టిందో తెలుస్తుందా అని మాస్టారికి పాత కోపం మళ్లీ పొంగింది. ఆ కోపంలో కొంత న్యాయం లేకపోలేదు.

అంతలో ఆవిడ తలెత్తి సున్నాల సారుతో ఏదో మాట్లాడటం కనిపించింది. ఆయన ఏదో చెప్పారు. ఆవిడ వేలు చూపించి గట్టిగానే అంటోంది. సున్నాల సారు మొహమాటంగా కాళ్లు కిందికి దించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పక్కకి జరిగి, కాళ్లు రెండూ తలుపు వైపు చాపుకున్నారు.

కారు కదిలింది. ఈసారి గెంతలేదు. డ్రమ్ముల మధ్య వంకరగా తిరిగి, వెనక్కి వచ్చి, కూడలి దగ్గర గీతకి బెత్తెడు ఇవతల ఆగింది. మాస్టారి కాలు మట్టిలో చిన్న గొయ్యి తవ్వింది.

దిగాక తెలిసింది జరిగిందేమిటో. కళ్లు తిరిగి తల వంచుకుంటే నర్సమ్మకి కనిపించినవి సున్నాల సారు పాదాలు. వాచిపోయి, చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి. "ఎన్నాళ్లనుంచి వాపు సారూ? రక్తపోటు చూపించుకున్నారా? ఇలా మడుచుకుని కూర్చోకండి," అని అడిగేసరికి ఆవిడ చేతులు వాటంతటవే కుదురుకున్నాయట.

సున్నాల సారు అట్ట మీద కూడిక వేశారు. "డెబ్బై నాలుగు. డెబ్బైకి పాసు. రెండుసార్లు ఇంజను ఆగింది, అక్కడ కోశాను. ఆపడంలో మాత్రం ఒక్క మార్కూ కొయ్యడానికి దొరకలేదు." సంతకం పెట్టకుండా కలం పట్టుకుని మాస్టారి వైపు తిరిగారు. "ఆ పుస్తకం ఉందా నీ దగ్గర?"

"పరీక్షకి వచ్చినవాళ్ల పుస్తకం చూడకూడదు కదా."

"చూడకూడదు. ఇటివ్వు. ఈవిడ కొండ ఎక్కాలంటున్నావు, నా పెరట్లో కొండ లేదు."

మాస్టారు ఇచ్చారు. సున్నాల సారు రెండు వందల యాభై ఒకటీ వేసిన పేజీలని చకచకా తిప్పేసి, చివరి పది పేజీల దగ్గర ఆగారు. రెండు, మూడు, మూడు, నాలుగు. వేలు పెట్టి ఒక్కో మాటా చదివారు. దిగుడు తొమ్మిది దగ్గర తలూపి సంతకం చేశారు.

"ఈ చివరివి ఎక్కడ కూర్చుని వేశావు?"

"వెనక సీట్లో."

"మొదట్లో నేనూ తొక్కేవాణ్ణయ్యా," అన్నారు సున్నాల సారు గొంతు తగ్గించి. "నేను పాసు చేసినవాళ్లలో సగంమంది నా కాలితో పాసయ్యారని తెలిసి కాళ్లు మడిచాను. నీకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు నేను కూర్చునే తీరు మీద జోకులు వేసుకుంటూ తిరుగుతుంటే ఎక్కడ చెప్పను?"

మాస్టారు పుస్తకం తీసుకుని, "కూరగాయలావిడ ఇల్లు ఎక్కడో నీ రికార్డుల్లో ఉంటుందా?" అని అడిగారు.

ఒకటో తారీఖు పొద్దున్న ఆసుపత్రివాళ్లిచ్చిన చిన్న తెల్లకారు వాకిట్లో నిలబడింది. పక్క సీట్లో కట్ల పెట్టె పెట్టుకుని నర్సమ్మ ఎక్కింది. "నేనూ రానా, మొదటి రోజు కదా?" అని మాస్టారు అడిగితే, "గిన్నెలున్నాయి. సాయంత్రం వచ్చి అడుగు గోకి చూస్తాను," అని అద్దం పైకెత్తేసింది.

గేటు దగ్గర మాస్టారు, మెడకి తన కాలు అల్లిన మఫ్లరు మూడు చుట్లు చుట్టుకుని, కారు వెళ్తున్న వైపే చూస్తూ నిలబడ్డారు. వీధి చివర కూడలి. అటునుంచి బడి బస్సు వస్తోంది. ఆయన కుడికాలు తనకి తెలియకుండానే గేటు ముందు రాయిని గట్టిగా తొక్కింది.

సరిగ్గా ఆ క్షణంలోనే దూరాన తెల్లకారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కారు గీత దగ్గర ఆగింది. బస్సు వెళ్లిపోయింది. సిగ్నలు వేసి, కారు కొండ వైపు తిరిగింది.

"చూశారా," అన్నారు మాస్టారు, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి.

"చూశాను," అన్నారు వెనకనుంచి అత్తగారు. "అది మీ కాలు కాదు అల్లుడుగారూ. దాని కాలే."

మాస్టారు రాయి మీదనుంచి కాలు తీశారు. కళ్లు తుడుచుకోవడానికి మఫ్లరు కొస వెతుక్కున్నారు. అది అంత పొడుగు కాబట్టి దొరకడానికి కాస్త సేపు పట్టింది.